గునుగు చప్పట్లు: కాగితం మీది బొమ్మను కదిలించే ప్రాజెక్టు డైరీ

ఆషాఢం: బొమ్మ ఎవరు, పని ఎంత

పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటికి నాలుగు సెకన్ల శాట్ ఒకటి తయారు కావాలి. ఏడుగురు ఆడపిల్లలు బతుకమ్మ చుట్టూ వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతుంటారు. వెనకాల హన్మకొండ పద్మాక్షి గుట్ట బండలు. ఏడుగురికీ బొమ్మ ఒకటే: గునుగు అనే ఎనిమిదేండ్ల పిల్ల. నెత్తిన పిలక గునుగుపువ్వు ఆకారంలో, కింద లావుగా, కొసకు సన్నగా నిలబడి ఉంటుంది. అదీ, నుదుటి బొట్టూ తప్ప ఒంటి మీద వేరే అలంకారం లేదు, కావాలనే.

మెట్టు మెట్టుగా కార్టూన్ బొమ్మ నేర్పే గైడు ఏది తీసుకున్నా దారి దాదాపు ఒకటే: వృత్తం, అడ్డం గీత, నిలువు గీత, కళ్లు, దవడ, ఒళ్లు, బట్టలు, చివరికి నల్ల గీత, రంగు. నేర్చుకునేవాళ్లు చివరి రెండు మెట్ల మీదే ఎక్కువసేపు కూర్చుంటారు, అందం అక్కడ కనబడుతుంది కాబట్టి. కదిలే బొమ్మకు మాత్రం మొదటి మూడు నాలుగు మెట్లే ప్రాణం. గైడు చూపేది ఒక్క భంగిమ. గీయాల్సింది అదే పిల్లను దగ్గర దగ్గర వంద సార్లు. గైడులోని బొమ్మను అచ్చు గుద్దినట్టు దించడం వచ్చినా, మెడ కాస్త తిప్పగానే ఆ పిల్ల ఇంకెవరో అయిపోతుంది. అందుకే ప్రతి గీతనూ ఒకటే అడుగుతున్నాం: ఇది వందోసారి కూడా ఇదే చోట వస్తుందా? రాదనిపిస్తే బొమ్మలో ఉండకూడదు.

సామాను

75 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 75 గ్రాములు) జిరాక్స్ కాగితం, ఎ4, ఒక రీము. వెలుగు బల్ల (కింద లైటు పెట్టిన అద్దపు బల్ల) మీద ఈ మందమైతే కింద మూడు కాగితాల గీతలు తెలుస్తాయి. 100 జీఎస్‌ఎం అయితే అన్ని కనబడవు. నిర్మాణపు గీతలకు లేత నీలం కలర్ పెన్సిలు, పైగీతకు హెచ్‌బీ. 2బీ మెత్తగా పోతుంది గాని, కాగితాలు ఒకదాని మీద ఒకటి రాసుకుని మసి అంటుతుంది, స్కాన్‌లో ఆ మసిని కడిగే పని రెట్టింపు.

వెలుగు బల్లకు 4 మిల్లీమీటర్ల అద్దం చాలు. 40 × 50 సెంటీమీటర్లకు కోయించి, అంచులు అరగదీయించాలి. అద్దం కిందివైపు బటర్ పేపర్ అతికించి, ఓ జానెడు లోతున ఎల్‌ఈడీ బ్యాటెన్ (ట్యూబులాంటి లైటు) పెట్టాలి. లైటు అద్దానికి మరీ దగ్గరైతే మధ్యలో ఒక తెల్లచార మాత్రమే వెలిగి, అంచుల్లో గీత కనబడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం కదలకుండా పట్టుకునే మేకుల పట్టీ. యానిమేషన్ వాళ్ల మూడు మేకుల పట్టీ ఊళ్లో దొరకకపోతే ఆఫీసు పంచింగ్ మిషన్‌తో పని నడుస్తుంది. దాని రంధ్రాలు 6 మిల్లీమీటర్లవి, రెంటి నడుమ కేంద్రం నుంచి కేంద్రానికి 80 మిల్లీమీటర్లు. ఒక చెక్క పట్టీకి అదే దూరంలో 6 మిల్లీమీటర్ల కర్ర మేకులు రెండు దిగ్గొట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్దితే సరి. బోల్టులు వాడకూడదు, మరలు రంధ్రాల అంచుల్ని కొరికేస్తాయి. రంధ్రం అర మిల్లీమీటరు వదులైనా 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు) స్కాన్‌లో అది 4 పిక్సెళ్ల కదలిక. నిలబడి ఉండాల్సిన పిల్ల వణుకుతున్నట్టు కనబడుతుంది. ఒకేసారి 5 కాగితాలకు మించి పంచ్ చేయకూడదు, అడుగు కాగితాల్లో రంధ్రం పక్కకు జరుగుతుంది.

ముసురు పట్టిన రోజుల్లో కాగితం తేమ పీల్చి అంచులు లేస్తుంది, రంధ్రాలు సాగుతాయి. రీమును ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టి, ఆ పూటకు కావలసినన్నే బయటికి తీస్తున్నాం.

శ్రావణం మొదట్లో: తల

బొమ్మ ఎత్తు 15 సెంటీమీటర్లు, తల 5. అంటే మూడు తలల పొడుగు. ఈ కొలత కాగితం మూలన రాసి పెట్టుకోవాలి.

మొదట 4 సెంటీమీటర్ల వృత్తం, దాని కింద 1 సెంటీమీటరు దవడ. దవడ వృత్తానికి కింద తగిలించిన బుట్ట ఆకారం. చెంపలు ఉబ్బెత్తుగా, గడ్డం చిన్నదిగా. కళ్ల గీత మొత్తం తల ఎత్తులో సగానికి కొంచెం కిందికి వస్తుంది. నుదురు ఎంత పెద్దదైతే వయసు అంత తక్కువ కనబడుతుంది. కళ్ల గీతను సగం దాకా పైకి జరిపితే అదే తల ఇరవై ఏండ్ల అమ్మాయిది అవుతుంది.

కళ్లు చేర్యాల నకాశీ బొమ్మల పద్ధతిలో పెద్దవి, ఒక్కోటి సెంటీమీటరు ఎత్తు. నల్లగుడ్డు పైరెప్పను తాకుతూ ఉండాలి. పైనా కిందా తెల్లగుడ్డు కనబడితే పిల్ల ఎప్పుడూ జడుసుకున్నట్టే ఉంటుంది. నకాశీ పటాల్లోని చదునైన రంగు, గట్టి గీత యానిమేషన్‌కు బాగా కలిసొస్తాయి. వాటిలోని నగల పని, చీర అంచుల అల్లిక మాత్రం కదిలే బొమ్మకు తేకూడదు. పటంలో ఆ అందం ఒక్కసారి గీస్తే నిలబడుతుంది. ఇక్కడ ప్రతి ఫ్రేములో (తెర మీద క్షణంసేపు నిలిచే ఒక్కో బొమ్మలో) కొద్దిగా మారి, నగ మొత్తం పురుగులు పాకినట్టు కదులుతుంది.

తల తిప్పడం దగ్గరే గైడు ఎక్కువమందిని మధ్యలో వదిలేస్తుంది. వృత్తం గుండ్రటి బంతి అని గుర్తుంచుకుంటే నిలువు గీత తిరిగిన వైపుకు విల్లులా వంగుతుంది. ముప్పావు ముఖంలో (ఎదురుకూ పక్కకూ నడుమ తిరిగినదానిలో) అవతలి కన్ను వెడల్పు మూడో వంతు తగ్గుతుంది, అవతలి చెంప గీత కంటికి దగ్గరగా వస్తుంది. రెండు కళ్లూ ఒకే వెడల్పు ఉంచితే ముక్కు ఒక్కటే తిరిగి ముఖం తిరగదు.

ఇందులో గునుగు బొట్టు చేసే మేలు చాలా పెద్దది. బొట్టు ఎప్పుడూ నిలువు గీత మీదే ఉంటుంది, కళ్ల గీతకు 7 మిల్లీమీటర్ల పైన. ప్రతి కాగితం మీదా ముందు వృత్తం, తర్వాత వంగిన నిలువు గీత, ఆ వెంటనే బొట్టు పెడుతున్నాం. కళ్లు ఆ తర్వాతే. వరసగా ఐదు కాగితాలు వేళ్ల నడుమ పట్టుకుని తిప్పి చూసినప్పుడు బొట్టు చక్కని వంపులో జరిగితే తల సరిగ్గా తిరుగుతున్నట్టు. ఒక కాగితంలో బొట్టు ఎగిరిపడితే తప్పు బొట్టులో ఉండదు, ఆ తల నిర్మాణంలోనే ఉంటుంది; బొట్టును జరిపి సరిపెడితే కళ్ల దగ్గర ఆ తప్పు బయటపడుతుంది.

అట్టముక్కలో 4 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోసి పెట్టుకోవాలి. ఒక డ్రాయింగు మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి దించుకుంటూ పోతే తల పదో కాగితానికి కచ్చితంగా పెరుగుతుంది, చెయ్యి ఎప్పుడూ గీత బయటి అంచునే పట్టుకుంటుంది కాబట్టి. ప్రతి తల మీదా ఈ అట్ట పెట్టి చూడాలి. నడిమి డ్రాయింగులు గీసేటప్పుడు దాని ముందు కాగితాన్ని కాక, రెండు వైపులా ఉన్న కీ డ్రాయింగులను (కదలికలోని ముఖ్యమైన భంగిమలను) కింద పెట్టుకోవాలి.

పున్నమి దాటినాక: ఒళ్లు, బట్టలు

నడుము పైభాగం గుమ్మడిగింజ ఆకారం. చేతులు గొట్టాలు, మోచేతి దగ్గర ఎముక గురుతులేవీ లేవు. వేళ్లు బొటనవేలితో కలిపి నాలుగు. చప్పట్ల సమయంలో అవి కలిసిపోయి ఒకే ముద్దగా గీయొచ్చు.

బట్టల విషయంలో చాలా ఆలోచించాం. ఓణీ వేస్తే అది ఎడమ భుజం మీద పడుతుంది. బొమ్మను అద్దంలో మాదిరి తిప్పి అవతలి వైపు పిల్లగా వాడుకుంటే ఓణీ కుడి భుజం మీదికి పోతుంది. ముక్కుపుడకదీ అదే చిక్కు. అందుకని లంగా జాకెట్టు, రెండు వైపులా ఒకేలా ఉండేది. లంగా నేలను తాకే పొడుగు, కాబట్టి పాదాలు గీసే పని లేదు. దాని మీద పూలు లేవు, అడ్డంగా రెండు అంచు పట్టీలు మాత్రమే. అడ్డం పట్టీల గోపుర ఆకారం ముందు నుంచి చూసినా, పక్క నుంచి చూసినా, వెనక నుంచి చూసినా ఒకటే. ఈ ఒక్క నిర్ణయం ఎంత పని తగ్గించిందో భాద్రపదం పద్దులో ఉంది.

నీడబొమ్మ పరీక్ష తప్పకుండా చేయాలి. భంగిమ మొత్తాన్ని నల్లగా నింపి చూస్తే ఏం చేస్తుందో తెలియాలి. ఎదురుగా నిలబడి రొమ్ము ముందు చప్పట్లు కొడితే చేతులు ఒంటి నలుపులో కలిసిపోతాయి, ఏమీ తెలియదు. వంగినప్పుడు చేతులు ఒంటికి దూరంగా కిందికి, లేచినప్పుడు ముఖానికి పక్కగా పైకి వచ్చేలా మార్చాం. రెండు చప్పట్లూ ఇప్పుడు నీడలో కూడా తెలుస్తున్నాయి. ఎదురు ముఖానికి ఇది కొంత కృత్రిమంగా ఉంటుంది, అయినా శాట్‌లో ఎదురుగా ఉండేది ఒక్క పిల్లే.

భాద్రపదం: చప్పట్ల లెక్క

బతుకమ్మ ఆట ఊరికో తీరు. ఇక్కడ తీసుకున్నది: వంగి ఒక చప్పట్లు, లేస్తూ ఒక చప్పట్లు, పక్కకు ఒక అడుగు. పాట వేగం నిమిషానికి 90 దెబ్బలు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ఒక దెబ్బకు 16 ఫ్రేములు, రెండు చప్పట్ల చుట్టు 32 ఫ్రేములు. ఒక్కో డ్రాయింగును రెండేసి ఫ్రేములు నిలిపితే చుట్టుకు 16 డ్రాయింగులు. మూడు చుట్లు 96 ఫ్రేములు, అదే నాలుగు సెకన్లు. పాట ముందు ఖాయం చేయకుండా డ్రాయింగులు మొదలుపెడితే ఈ లెక్క అంతా మళ్లీ మొదటికి వస్తుంది: 96 దెబ్బల పాటకు 15 ఫ్రేములు పడతాయి, అది రెంటితో భాగం పోదు.

వరస ఇది. 1వ ఫ్రేములో కింది చప్పట్లు, అరచేతులు కలిసి ఉంటాయి. 3లో దాదాపు అదే, భుజాలు కొద్దిగా నొక్కుకుంటాయి. 5లో చేతులు విడిపోతాయి. 9లో ఒళ్లు సగం లేస్తుంది. 13లో చేతులు అన్నిటికన్నా దూరం. 15 దారిలో. 17లో పై చప్పట్లు. 25 దగ్గర అడుగు మొదలై 31కి ముగుస్తుంది. 33వ ఫ్రేము అంటే మళ్లీ 1.

చప్పట్ల బలమంతా 13కూ 17కూ నడుమ ఉంటుంది. అక్కడ ఒక్కటే డ్రాయింగు. ఇంకొకటి చేర్చి నున్నగా చేద్దామనిపిస్తుంది, చేర్చితే చేతులు చప్పట్లు కొట్టవు, మెల్లగా ఆనుకుంటాయి. అలాగే చేతులు కలిసిన వెంటనే విడిపోకూడదు. 3వ ఫ్రేము డ్రాయింగు 1కి దగ్గరగా ఉంటేనే దెబ్బ కంటికి ఆనుతుంది. శబ్దం బొమ్మతో సమానంగానో, ఒక ఫ్రేము తర్వాతో పడొచ్చు. శబ్దం ముందొచ్చి బొమ్మ వెనకబడితే మాత్రం ఎవరికైనా తెలిసిపోతుంది.

మణికట్టు దారి కోసం ఒక వేరే కాగితం. ప్రతి డ్రాయింగులో కుడి మణికట్టు ఉన్నచోట చుక్క పెట్టి, పక్కన ఫ్రేము సంఖ్య రాస్తున్నాం. చుక్కలన్నీ కలిపితే వంపు రావాలి. చుక్క వంపు దాటి బయట ఉంటే ఆ డ్రాయింగు మళ్లీ గీయాల్సిందే. నేరుగా రెండు కీ డ్రాయింగుల నడిమధ్య కొలిచి గీసిన చెయ్యి ప్రతిసారీ వంపు లోపలికి పడుతుంది, అదే యంత్రంలా కనబడటానికి కారణం.

పిలక తలకన్నా ఒక డ్రాయింగు వెనక, దాని కొస రెండు డ్రాయింగులు వెనక కదులుతుంది. లంగా అంచు కూడా అంతే. చుట్టు తిరిగి కలిసే చోట ఇవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. 1వ ఫ్రేములో పిలకను నిటారుగా నిలబెట్టి మొదలుపెడితే 31 నుంచి 1కి వచ్చేసరికి ఊగుతున్న పిలక ఉన్నట్టుండి ఆగి, మళ్లీ బయల్దేరుతుంది. అందుకే పిలకనూ అంచునూ 17 దగ్గర మొదలుపెట్టి, 33 దాటి మళ్లీ 17 దాకా గీస్తున్నాం. అప్పుడు 1లో పిలక ఎక్కడ ఉండాలో దానంతట అదే తేలుతుంది.

చవితి తర్వాత: ఏడుగురు

నేల మీది వలయం కాగితం మీద కోడిగుడ్డు ఆకారం అవుతుంది. ఎత్తు వెడల్పులో మూడో వంతు. ఎనిమిది స్థానాలు, చూసేవాళ్ల ముందున్న స్థానం ఖాళీ. అక్కడ పిల్లను నిలబెడితే ఆమె వీపు బతుకమ్మను కప్పేస్తుంది. దూరపు పిల్ల పరిమాణం దగ్గరి పిల్లలో 70 శాతం. దూరపు ముగ్గురు బతుకమ్మ లేయరుకు (ఒకదాని మీద ఒకటి పేర్చే బొమ్మల పొరల్లో బతుకమ్మ ఉన్నదానికి) వెనక, పక్కల ఇద్దరూ దానికి ఇరువైపులా, దగ్గరి ఇద్దరు ముందు.

కావలసిన ముఖాలు నాలుగు: ఎదురు, ముప్పావు, పక్క, వెనక ముప్పావు. మిగతావి అద్దం తిప్పినవి. ఇక్కడ అందరూ మరిచే చిక్కు ఒకటుంది. వలయంలో ప్రతి పిల్లా తన కుడివైపుకే అడుగేస్తుంది. బొమ్మను అద్దం తిప్పితే ముఖం సరిపోతుంది గాని, అడుగు ఎడమకు పడుతుంది. పక్కపక్క పిల్లలు ఒకరికొకరు ఎదురు నడిచి గుద్దుకునేలా కనబడతారు. లంగానూ నడుము పైభాగాన్నీ రెండు లేయర్లుగా విడదీస్తే తీరిపోతుంది. పైభాగం కేవలం వంగి లేస్తుంది, అందులో కుడి ఎడమ లేదు, ధైర్యంగా తిప్పొచ్చు. అడుగు ఊపు అంతా లంగా లేయరులో ఉంటుంది. గోపుర ఆకారం కాబట్టి లంగాకు రెండు వరసలు చాలు: తెర మీద అడ్డంగా జరిగేది (దీన్ని ఎటంటే అటు తిప్పొచ్చు), లోపలికో బయటికో జరిగేది.

పద్దు: పైభాగాలు 4 × 16 = 64. లంగాలు 2 × 16 = 32. మొత్తం 96 సగం బొమ్మలు. ఏడుగురినీ విడివిడిగా గీస్తే 112 నిండు బొమ్మలు, అంటే 224 సగాలు. రెండు లేయర్ల మీదా నడుము దగ్గర ఒకే చోట చిన్న ప్లస్ గుర్తు ఉండాలి. అది తప్పితే జాకెట్టు లంగా మీద జారుతుంది.

ఒక్కో చుట్టుకు పిల్లలు కొద్ది దూరమే జరుగుతారు కాబట్టి మూడు చుట్లలో ఎవరి ముఖమూ మారాల్సినంత తిరగదు. శాట్‌ను నాలుగు సెకన్ల దగ్గరే తెంచడానికి కారణం అదే. అంతకు మించి కావాలంటే కెమెరా మార్చి కొత్త శాట్ పెట్టాలి.

స్కాన్ 200 డీపీఐ, కాగితం అడ్డంగా. సుమారు 2339 × 1654 పిక్సెళ్లు వస్తాయి, 1920 × 1080 వీడియోకు సరిపోను. 150 డీపీఐ చాలదు. నీలం గీతలు పోవాలంటే స్కాన్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు పొరల్లో నీలం ఛానెల్ ఒక్కటే ఉంచుకోవాలి. లేత నీలం అందులో తెల్లబడుతుంది, హెచ్‌బీ గీత మిగులుతుంది. ఆ తర్వాత పని ఓపెన్‌టూంజ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో. ఉచితం, 2016 నుంచి ఓపెన్ సోర్స్. అందులో రంగులు ప్యాలెట్‌కు (రంగుల పట్టికకు) కట్టుబడి ఉంటాయి. ప్యాలెట్‌లో లంగా రంగు మారిస్తే ఆ వరసలోని అన్ని డ్రాయింగుల్లోనూ మారుతుంది. కాబట్టి వరసను నకలు తీసి, ఒక్కో పిల్లకు ఒక్కో ప్యాలెట్: తంగేడు పసుపు, బంతి నారింజ, కట్లపువ్వు నీలం, ఇలా. గీత ఎక్కడైనా తెగి ఉంటే నింపిన రంగు బయటికి పారుతుంది. ఎక్కువగా తెగేది చంక దగ్గరా, పిలక మొదట్లోనూ.

బతుకమ్మ కదలదు. ఒక్కటే డ్రాయింగు, కాబట్టి తాంబాలం నుంచి పైన గౌరమ్మ దాకా వరస వరసకూ పూలు ఎంత వివరంగానైనా వేయొచ్చు. కోరిక తీరా వేస్తున్నాం.

మాట్లాడే గునుగు

రెండో శాట్‌లో ఒక్క మాట ఉంది: "అమ్మమ్మా, బతుకమ్మ పేరుద్దాం పా." నోటి ఆకారాలు ఆరు: ప బ మలకు మూసినది, ఆకు పూర్తిగా తెరిచినది, ఇ ఎలకు సాగినది, ఉ ఒలకు గుండ్రటిది, వ ఫలకు కింది పెదవి పంటికి తగిలేది, మిగతా వాటన్నిటికీ సగం తెరిచినది. ఇంగ్లిషు గైడుల్లోని నోటి చార్టును యథాతథంగా వాడితే మనకు అక్కర రానివి కొన్ని ఉంటాయి, అసలు కావలసిన ఒత్తు ఉండదు. ఒంటి బ రెండు ఫ్రేములు మూసుకుంటే చాలు. మ్మ నాలుగు ఫ్రేములు మూసి ఉండాలి, లేకపోతే అమ్మమ్మ అన్నట్టే ఉండదు.

అ 4, మ్మ 4, అ 4, మ్మ 4, ఆ 8: అమ్మమ్మా 24 ఫ్రేములు. విరామం 2. బ 2, అ 2, తు 4, క 2, మ్మ 4, అ 4: బతుకమ్మ 18. పేకు మూసినవి 2, సాగినవి 4, రు 2, ద్దా 8, సున్నా పా మొదలూ కలిసి మూసినవి 4, ఆ 8: మొత్తం 28. కూడితే 72, సరిగ్గా మూడు సెకన్లు. ఆ దగ్గర నోరు తెరవడమే కాదు, గడ్డం 3 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. దిగకపోతే ముఖం మీద నోరు అతికించినట్టు ఉంటుంది.

కనురెప్ప పాటు: సగం 2 ఫ్రేములు, మూసి 2, సగం 2. మూసిన రెప్ప గీత కంటికి నడుమ కాదు, కింది మూడో వంతులో పడుతుంది.

మిగిలినవి

వెనక ముప్పావు పైభాగాల్లో 19 నుంచి 31 దాకా ఏడు నడిమి డ్రాయింగులు. గుట్ట బండలకు రంగు. చప్పట్ల రికార్డింగు: ఒక చప్పట్లను ఏడుసార్లు నకలు పెడితే ఏడుగురు కొట్టినట్టు ఉండదు, ఒకరే గట్టిగా కొట్టినట్టు ఉంటుంది. కనీసం నాలుగు వేర్వేరు చప్పట్లు రికార్డు చేసి, ఒకదానికొకటి సెకనులో వందో వంతు, రెండు వందో వంతుల తేడాతో పేర్చాలి. పిల్లల చేతులే కావాలి. పెద్దవాళ్ల అరచేతుల శబ్దం మొద్దుగా వస్తుంది.